పునాదికి లోతే బలం

కొల్లేరు సరస్సు కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న పల్లం. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వైపు సాగే పల్లపు భూములలో బంకమట్టి పాలు ఎక్కువ. ఈ మట్టి వానకాలంలో నీటిని పీల్చి ఉబ్బుతుంది; వేసవిలో ఎండి నెర్రెలు విచ్చుతుంది. నీటిని నిలుపుకొనే ఈ గుణం వరి రైతుకు వరం, గృహస్థునకు శాపం. పునాది ఒకవైపు లేచి, మరొకవైపు కుంగగా గోడలు బీటలు వారుతాయి, తలుపులు బిగుసుకుపోతాయి. బీటలలో సిమెంటు పూసినంత మాత్రాన ఆ రోగం కుదరదు.

ఉబ్బే నేలలకు అనువైన అండర్‌రీమ్డ్ పైల్ పద్ధతిని రూర్కీలోని కేంద్రీయ భవన పరిశోధన సంస్థ రూపొందించింది. ఋతువులతో మారే పైపొరను దాటి, సాధారణంగా 3.5 మీటర్లకు తగ్గకుండా గొయ్యి తొలుస్తారు. అడుగున దానిని సుమారు 2.5 రెట్లు వెడల్పు చేసి, ఇనుప చువ్వలు దించి, కాంక్రీటు పోస్తారు. గడ్డవలె ఉబ్బిన ఆ అడుగుభాగం స్తంభాన్ని పైకి లేవనీయదు, కిందికి కుంగనీయదు.

పాత ఇంటికైతే, పునాది పక్కన గుంతలు తవ్వి, ఉక్కు గొట్టాలను జాకీలతో గట్టిపొర తగిలేవరకు దించి, ఇంటి బరువును వాటిపైకి మళ్లిస్తారు. మెత్తని బురదనేలలో ఆ పొర మిక్కిలి లోతున ఉండవచ్చు, ఖర్చూ పెరుగుతుంది. కనుక ముందుగా మట్టిని పరీక్షింపజేయాలి.

సామాన్యుని జీవితకాలపు కష్టార్జితం అతని ఇల్లు. గోడ లేవకముందే నేల గుణమెరుగుట వివేకం.