పేరు వెనుక కథ

అక్కల్లారా! సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి విశాఖపట్నం చేరతాం. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పేట పేరు 'కోస్టల్ బ్యాటరీ'. ఈ బ్యాటరీ టార్చిలైటులో వేసేది కాదు. ఒకచోట వరసగా నిలిపిన ఫిరంగులనూ బ్యాటరీ అంటారు. కోస్టల్ అంటే సముద్రతీరానిది.

1933లో విశాఖలో ఓడరేవు తెరిచారు. రెండో ప్రపంచయుద్ధంలో శత్రువుల ఓడలు రేవు మీదికి రాకుండా ఒడ్డున ఫిరంగులు పెట్టారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు వచ్చి విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఓడలను కొట్టే ఫిరంగులు విమానాలను ఆపలేవు కదా! జనం పిల్లాపాపలతో, మూటాముల్లెతో ఊరొదిలి పోయారు.

1945లో యుద్ధం ముగిసింది. పేరు మాత్రం నిలిచింది.

బోర్డు మీద పేరు చదవడం మనకు వచ్చింది. మరి మీ బస్తీకి ఆ పేరెలా వచ్చింది? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగి రాసుకు రండి.