డ్రాప్ అంటే ఓటమి కాదు బ్రో!

పండక్కి ఇంట్లో రమ్మీ ఆడుంటారు కదా? 101 పూల్‌లో 13 ముక్కలు చూసి వెంటనే డ్రాప్ అయితే 20 పాయింట్లు. మధ్యలో అయితే 40. ప్యూర్ సీక్వెన్స్ కూడా పడకుండా "ఇంకో ముక్క వస్తుందిలే" అని కూర్చుంటే, ఎవరో షో చేస్తారు, మనకి 80 దాకా పడుద్ది.

బీటెక్ అయ్యాక నేను చేసిందీ అదే. గేట్ కోచింగ్ నాకు సెట్ కాదని మొదటి నెలలోనే అర్థమైంది. అయినా "ఫీజు కట్టేశాం కదా" అని ఏడాది కూర్చున్నా. కట్టిన ఫీజు ఎలాగూ రాదు, ఏడాది కూడా పోయింది. ఫుల్ కౌంట్!

డబ్బులు పెట్టి ఆడితే ఇంకా డేంజర్. పోయింది రాబట్టాలనుకునేవాడికి డ్రాప్ గుర్తురాదు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ డబ్బు రమ్మీని నిషేధించింది.

ఏ ముక్కలు పడతాయో మన చేతిలో లేదు. ఎప్పుడు లేవాలో మాత్రం మన చేతిలోనే ఉంది. మీరు ఎక్కడ డ్రాప్ అవ్వాల్సింది? ఆలోచించండి.