అడిగినట్టే ఉంటది, చెప్పేది చెప్పి పోతది

మా సోలాపూర్ తూర్పు భాగంల ఎన్నికలు దగ్గరికొచ్చిన సంగతి జెండాల కంటె ముందు ఫోన్లతోనే తెలుస్తది. 2024ల మాకు రెండుసార్లు ఓట్లు పడ్డయి. లోక్‌సభకు మే 7న, అసెంబ్లీకి నవంబర్ 20న. ఆ రెండుసార్లు గూడా అశోక్ చౌక్ నుంచి నీలంనగర్ దాకా మనోళ్ల ఇండ్లల్ల పొద్దుగాల మొదలైతే రాత్రి పండుకునే దాకా ఫోన్లు మోగుడే. ఎత్తితే "సర్వే నుంచి మాట్లాడుతున్నం" అంటరు. కొన్ని మరాఠీల, కొన్ని హిందీల. తెలుగుల గూడా రెండు మూడు వచ్చినయి. అది మనం మాట్లాడే తెలుగు కాదు, టీవీల వార్తలు చదివే తెలుగు.

సర్వే అంటే మన మనసుల ఏమున్నదో తెలుసుకునుడు. మా సోలాపూర్‌ల నల్లా నీళ్లు అప్పటికి ఎన్నో ఏండ్ల నుంచి నాలుగైదు రోజులకొకసారి వస్తుండె. ఇంట్ల ఉన్న డ్రమ్ములు, బిందెలు లెక్కపెడితేనే మా మనసుల ఏమున్నదో ఎవరికైనా తెలుస్తది. ఇన్ని ఫోన్లు వచ్చినయి గాని, ఒక్కరు గూడా నీళ్ల సంగతి అడగలే. బీడీ మజూరీ అడగలే. టవల్ కార్ఖానాలల్ల వారానికి ఎన్ని రోజులు సాంచెలు నడుస్తున్నయో అడగలే. మరి అడిగిందేంది?

నాకు వచ్చిన ఒక ఫోన్ సంగతి చెప్త. ఆడపిల్ల గొంతు, మర్యాదగనే మాట్లాడింది. పేరు, వయసు, ఇంట్ల ఎన్ని ఓట్లు, ఏ కులం, అన్నీ అడిగింది. తర్వాత, "ఫలానా ఆయన గెలిస్తే ఇక్కడి కార్ఖానాలు బందై వేరే రాష్ట్రానికి పోతయని మీకు తెలుసా? తెలిసినంక గూడా ఆయనకే ఓటేస్తరా?" అన్నది. నేను "ఆ మాట ఎవరు చెప్పిండ్రమ్మా?" అన్న. "మాకు రాసిచ్చింది చదువుతున్న అంకుల్" అన్నది. "ఎవరు రాసిచ్చిండ్రు?" అంటే లైను కట్టయింది.

మర్నాడు టీ హోటల్ కాడ ఒకాయన నాతోని అదే మాట అన్నడు. "కార్ఖానాలు పోతయంట గదా!" ఎవరు చెప్పిండ్రంటే "సర్వేల వచ్చింది" అన్నడు. ఫోన్ల అడిగిన ప్రశ్న తెల్లారేసరికి హోటల్ కాడ వార్త అయింది. వాళ్లకు కావలసింది గూడా అదే. ఒక అభ్యర్థి నడవడి మీద అబద్ధమని తెలిసి అబద్ధం ప్రచారం చేస్తే ఎన్నికల చట్టం దాన్ని అవినీతి పని అంటది. అది 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 123వ సెక్షన్. అందుకే అబద్ధాన్ని సూటిగ చెప్పరు. ప్రశ్న లెక్క చేసి అడుగుతరు. ఎవరన్న పట్టుకుంటే, మేం చెప్పలేదు, అడిగినం అంతే అని తప్పించుకునే సందు పెట్టుకుంటరు.

గిర్నిల పనిచేసినోళ్లకు ఈ విద్య కొత్త కాదు. నేను చేరిన కొత్తల రెండు సాంచెలు నడిపేటోన్ని నాలుగు నడుపుమన్నరు. సంతకాలకు ఒక కాయితం తిప్పిండ్రు. దాని మీద రెండే మాటలు. నాలుగు సాంచెలు నడిపి గిర్ని నిలబెడుతవా, లేకుంటే గిర్ని మూతపడుడు చూస్తవా? రెండు సాంచెలే నడుపుత, గిర్ని గూడా నడవాలె అనేటోనికి ఆ కాయితం మీద జాగ లేదు. మా ఖాతల ఒక ముసలి జాబర్ ఉండె. సదువు లేదు. ఆ కాయితం అటు ఇటు తిప్పి చూసి, "ప్రశ్న రాసినోడే జవాబు గూడా రాసుకున్నడు, మన బొటనవేలు ఒక్కటే తక్కువైంది" అన్నడు. ఫోన్ల "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనంగనే నాకు ఆయన మాటే యాదికొస్తది.

అయితే నన్ను ఈ వ్యాసం రాయమని కూసోబెట్టింది ఈ ఆడపిల్ల ఫోన్ కాదు. నవంబర్ 19 నాటి ఫోన్, ఓట్లకు ముందురోజుది.

మా ఎదురింటామె బీడీలు చుడుతది. మొగడు టవల్ కార్ఖానల బదిలీ మీద పోతడు, పిలిస్తే పని, లేకుంటే లేదు. ఆ ఏడు జూలైల రాష్ట్ర సర్కారు లాడ్కీ బహీణ్ పథకం పెట్టింది. నెలకు 1500 రూపాయలు ఆమె ఖాతల పడుతున్నయి. ఆ పైసల మీద గ్యాస్ బండ, చిన్నపిల్ల ట్యూషన్ ఫీజు నడుస్తున్నయి. ఆ రోజు పగటీలి చేతుల చాట, చెవుల ఫోన్ పెట్టుకొని ఉరికొచ్చింది. "కాకా, జల్దీ చెప్పు, ఏది నొక్కాలె?" అన్నది. టేపుల మాట్లాడే గొంతు. మరాఠీల చెప్తున్నది. నెలనెలా పైసలు వస్తున్నయా, వస్తే ఒకటి నొక్కు. అవి ఇట్లనే రావాలంటే ఒకటి నొక్కు, వద్దంటే రెండు నొక్కు. రేపు ఎవరికి ఓటేస్తవు, ఫలానా గుర్తుకైతే ఒకటి, వేరే గుర్తుకైతే రెండు.

మూడు ప్రశ్నలు ఒకదాని వెనక ఒకటి కండెకు నూలు చుట్టినట్టు చుట్టిండ్రు. రెండో ప్రశ్నకు పైసలు వద్దు అని ఎవరు నొక్కుతరు? అక్కడ ఒకటి నొక్కిన వేలు మూడో ప్రశ్నకు రెండు మీదికి పోవాలంటే వణుకుతది. ఆమె వేలు వణికింది, నేను చూసిన. ఫోన్ బందు చెయ్యి బిడ్డా అన్న. చేసింది. చేసినంక ఏడ్చింది. "బందు చేసిన గదా, ఏమీ నొక్కలేదని నా పేరు కొట్టేస్తరా?"

పేరు కొట్టేసుడు టేపు గొంతు చేతుల ఉండదు. ఆ పైసలు రావాలంటే ఆధారు, బ్యాంకు ఖాతా, ఆమ్దనీ, వయసు చూస్తరు. ఏ గుర్తుకు ఓటేసినవన్న కాలం ఆ ఫారంల లేనే లేదు. ఇదంత చెప్పిన. ఆమె తల ఊపింది గాని, మొఖంల నమ్మకం కనబడలే. "ఫోన్ నంబర్ తెలిసినోళ్లకు ఓటు తెల్వదా కాకా?" అన్నది.

ఆ మాటకు జవాబు చెప్పుడు అవసరమనిపించింది. ఎందుకంటే మన బస్తీలల్ల సగం మంది నోరు తెరిచి అడగకున్నా ఇదే భయంతోని ఉంటరు. మిషిన్ మీద బటన్ నొక్కినంక పక్కనున్న అద్దంల ఒక చీటీ ఏడు సెకన్లు కనబడి డబ్బాల పడుతది. ఆ చీటీ మీద గుర్తు, అభ్యర్థి పేరు ఉంటయి గాని నీ పేరు ఉండదు. నువ్వు ఎవరికేసినవో చెప్పుమని కోర్టు గూడా నిన్ను బలవంతం చెయ్యలేదు. అదే చట్టంల 94వ సెక్షన్ ఆ సంగతే చెప్తది. కాకపోతే ఉన్నదున్నట్టు చెప్పాలె. బూత్ లెక్క మాత్రం అందరికీ తెలుస్తది. ఏ బూత్‌ల ఎవరికి ఎన్ని పడ్డయో ఎన్నికలైనంక కాయితం మీద వస్తది. "మీ గల్లీ మాకు వెయ్యలే" అని లీడర్లు అనుడు అక్కడికెళ్లే వస్తది. గల్లీ అంత తెలుస్తది గాని, మనిషి తెల్వదు. బూత్‌ల వందల మంది పేర్లుంటయి, అందుల నిన్ను ఏరి తీసే మిషిన్ లేదు.

ఇంకొక సంగతి, ఆ ఫోన్ వచ్చిన దినం. 20వ తారీఖు సాయంత్రం ఓటింగ్ అయిపోవాలంటే దానికి 48 గంటల ముందు, అంటే 18 సాయంత్రమే ప్రచారం బందు కావాలె. మైకులు బందైనయి, జీపులు బందైనయి. సర్వే పేరు మీద టేపు గొంతు మాత్రం 19న గూడా ఇంటింటికి తిరిగింది. ప్రచారం కోసం గుంపుగ పంపే వాయిస్ ఫోన్లకు ముందే జిల్లా ఎన్నికల ఆఫీసు కమిటీ దగ్గర మంజూరు తీసుకోవాలని ఎన్నికల కమిషన్ నియమం ఉన్నది. సర్వే అని పేరు మారిస్తే ఎవరి మంజూరూ వద్దనుకుంటరేమో.

సర్వే పేరు మీద జరిగేటి వేషాలు కమిషన్‌కు గూడా తెలుసు. 2024 మే 2న, మాకు లోక్‌సభ ఓట్లు పడడానికి ఐదు రోజుల ముందు, పార్టీలన్నిటికి ఒక ఉత్తర్వు పంపింది. గెలిచినంక ఇచ్చే పథకాలకు సర్వే పేరు మీద ఇప్పుడే ఓటర్ల పేర్లు రాసుకునుడు ఆపాలె అన్నది. మిస్డ్ కాల్ ఇయ్యుమనుడు, గ్యారంటీ కార్డుకు ఫారం కుట్టి బూత్ నంబరు రాయించుకునుడు, సర్కారీ సర్వే అని చెప్పి రేషన్ కార్డు నంబరు, బ్యాంకు ఖాతా నంబరు తీసుకునుడు, ఇవన్నీ అందుల ఉన్నయి. ఇది లంచం కిందికి వస్తదని గూడా రాసింది. ఏ ఒక్క పార్టీ పేరు లేదు, అన్నిటికీ కలిపి రాసింది. మా దగ్గరికి వచ్చిన ఫోన్లు గూడా ఒక్క దిక్కు నుంచి రాలే. పొద్దున ఒకరివి, మాపు ఇంకొకరివి.

మరి అసలు సర్వే ఎట్లుంటది? ఢిల్లీల సి.ఎస్.డి.ఎస్. అనే సంస్థ ఉన్నది, వాళ్ల లోక్‌నీతి విభాగం ఏండ్ల నుంచి ఎన్నికల సర్వేలు చేస్తది. వాళ్లు ఓటర్ల జాబితాల నుంచి లెక్క ప్రకారం పేర్లు తీసి, ఆ మనిషి ఇంటికే పోయి కూసొని అడుగుతరు. ఓటు ఎవరికన్న ప్రశ్న వచ్చినప్పుడు నోటితోని చెప్పుమనరు. గుర్తులున్న నకిలీ బ్యాలెట్ చీటీ ఇచ్చి, ముద్ర వేసి డబ్బాల వెయ్యమంటరు. అడగవచ్చినోడే నీ ఓటు దాచిపెట్టుకొమ్మని డబ్బా తెస్తడు చూడుండ్రి! వాళ్ల లెక్కలు గూడా ఒక్కొక్కసారి తప్పుతయి, అది వేరే సంగతి. అడిగే తీరు మాత్రం అది.

ఆ తీరు తెలిస్తే ఈ ఫోన్ల గుట్టు అర్థమైతది. నిజంగ లెక్క తీసేటోనికి గల్లీకి ఒకరో ఇద్దరో చాలు. అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి రెండు మెతుకులు పిసుకుతం గాని కుండంత పిసకం గదా. మా గల్లీల మాత్రం ఒక్క పగటీలి వరుసగ ఆరు ఇండ్లల్ల ఫోన్ మోగింది. ప్రతి ఒక్కరి చెవుల పడాలనుకున్నోడే అట్ల చేస్తడు. ఇంకోటి, అసలు సర్వే జల్దీ ఒడువదు, పదిహేను ఇరవై నిమిషాలు పడుతది. ఇది నిమిషంల ఒడుస్తది. సర్వే చేసేటోడు మనకు కొత్త సంగతి ఏదీ చెప్పడు. ఫోన్ పెట్టేసినంక మనకు ఎవరి మీదనన్న కొత్త చెడ్డమాట తెలిసిందంటే అది సర్వే కాదు.

ఆ ఆడపిల్లను నేను తిట్టలేదు. ఇంకోసారి వేరే పిల్ల చేస్తే, నీకెంతిస్తరు బిడ్డా అని అడిగిన. "కాల్‌కు ఇంత అని ఇస్తరు అంకుల్, పూర్తిగ వింటేనే లెక్కల వేస్తరు" అన్నది. బీడీ కట్ట లెక్కనే, ఛాట్ పోతే పైసల్లేవు. వాళ్లదీ పీసు రేటు బతుకే. రాసిచ్చి చదివించేటోడు వేరే ఉన్నడు.

19న మాపటికి మేం నలుగురం ముసలోళ్లం బీడీ బ్రాంచి కాడికి పోయినం. బీడీలు అప్పజెప్పి వచ్చే ఆడోళ్లకు నిలబెట్టి ఈ సంగతే చెప్పినం. ఇంట్ల వంద పేజీల నోటుబుక్కు తీసి, ఎవరికి ఏ నంబర్ నుంచి వచ్చింది, ఎన్ని గంటలకు, ఏమడిగిండ్రు రాసిన. ఆ రాత్రి పదకొండు పేర్లు రాసిన. 1950కి ఫోన్ చేసి చెప్తే వాళ్లు రాసుకొని ఫిర్యాదు నంబర్ ఇచ్చిండ్రు. ఓట్లు పడ్డయి, 23న లెక్కలు అయిపోయినయి, ఆ ఫిర్యాదు నంబర్ మాత్రం ఇంకా నోటుబుక్కుల అట్లనే ఉన్నది.

ఎదురింటామె 20న పొద్దుగాలనే లైన్ల నిలబడి ఓటేసింది. ఎవరికేసిందో నేను అడగలే. నెల పైసలు మాత్రం ఆగలేదు.

కర్ణాటకల, తమిళనాడుల, ఒడిశాల, యానాంల ఉన్న మనోళ్లకు ఒక మాట. ఇసొంటి ఫోన్ వస్తే కులం, రేషన్ కార్డు, బ్యాంకు నంబర్ చెప్పకుండ్రి. ఓటీపీ అడిగితే అది సర్వే గాదు, దొంగతనం, దానికి 1930కి చెయ్యాలె. ఎన్నికల ఫిర్యాదుకు 1950. సెల్‌ఫోన్ నుంచి చేసేటప్పుడు ముందు మీ జిల్లా ఎస్.టి.డి. కోడ్ కలపాలె. నంబరు, టైము, అడిగిన మాట మరిచిపోకముందే రాసిపెట్టుకొని చేస్తే వాళ్లకూ రాసుకునుడు సులువైతది.