నిదానంలోనే ఉంది నేర్పంతా!

వంద కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్లడం గొప్పేం కాదు. నడిచే మనిషి పక్కనే, అతనంత నెమ్మదిగా, కాలు కింద పెట్టకుండా బండి నడపాలి. అసలు పరీక్ష అదీ! టైరుకీ రోడ్డుకీ మధ్య ఉన్న కాస్తంత పట్టు కథేంటో తెలిస్తే... ఆ పరీక్షలో నెగ్గడం ఎవరికైనా సాధ్యమే.

బళ్లో ఆగస్టు పదిహేనుకో, జనవరి ఇరవయ్యారుకో ఆటల పోటీలు పెడతారు. పరుగుపందెం, తాడులాగుడు, మ్యూజికల్ ఛైర్స్... అన్నీ అయ్యాక ‘స్లో సైకిల్ రేస్’. ముగ్గుపిండితో గీసిన గీతల మధ్య సైకిళ్లు కదిలీ కదలనట్టు కదులుతుంటాయి. రోజూ ఊరంతా రివ్వున చక్కర్లు కొట్టే కుర్రాడు రెండు గజాలకే కాలు కింద పెట్టేస్తాడు. క్యారియర్‌కి పాలక్యాన్లు కట్టుకుని ఇంటింటికీ తిరిగే పిల్లాడు మాత్రం చూపు గీత చివరే నిలిపి, హ్యాండిల్‌ను అటో రవ్వ ఇటో రవ్వ తిప్పుకుంటూ అందరికన్నా ఆఖరున వస్తాడు. ప్రైజు కొట్టేస్తాడు!

ఆ కుర్రాళ్లే పెద్దయ్యాక మోటార్ సైకిల్ ఎక్కుతారు. ఇక్కడా అదే కథ. హైవే మీద ఎనభైలో హాయిగా పోయేవారు వీధిమలుపులో యూటర్న్ తీసుకోవాలంటే తడబడతారు. రెండు కాళ్లూ కిందికి దించి ఈదుకుంటూ తిప్పుతారు. వెనక కూర్చున్న ఇల్లాలు భుజం గట్టిగా పట్టుకుని ‘ఏవండీ, కాస్త చూసుకోండి’ అనేది కూడా సరిగ్గా అక్కడే. వేగంగా వెళ్లడం బండి పని. నెమ్మదిగా వెళ్లడం మాత్రం మనిషి పని!

చిన్న తూలుడే... కానీ!

నెమ్మదిగా పోతూ పడితే ఏమవుతుందిలే అనుకుంటాం. మోకాలు దోక్కుపోతుంది, అద్దం పగులుతుంది, అంతే కదా! ఖాళీ మైదానంలో అయితే నిజంగానే అంతే. కానీ మన బండి పడేది మైదానంలో కాదు. పక్కన సిటీ బస్సు, వెనక టిప్పర్, ఎదురుగా ఆటో... వాటి మధ్యలో. పది కిలోమీటర్ల వేగంలో పడినా పడినచోటు బస్సు వెనకచక్రం ముందైతే ఫలితం ఒకటే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం మంది... అంటే దాదాపు 75 వేలమంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. వీరంతా నెమ్మదిగా పోతూ పడినవారని కాదు. వేగం, మద్యం, హెల్మెట్ లేకపోవడం లాంటి కారణాలు ఎన్నో. కానీ ద్విచక్ర వాహనం మీద ఉన్నవారికి చుట్టూ రేకు గోడ ఉండదు. పడకుండా ఉండటమే వారికున్న మొదటి రక్షణ.

ఎవరు నిలబెడుతున్నారు?

కదులుతున్న బండి రెండు చక్రాల మీద ఎలా నిలబడుతుంది? తిరిగే చక్రాలు బొంగరంలా పనిచేస్తాయి కాబట్టి అని చిన్నప్పుడు విన్నాం. అది కొంతవరకే నిజం. 2011లో అమెరికాలోని కార్నెల్, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు ఆ బొంగరం ప్రభావం లేకుండా చేసి ఓ చిత్రమైన సైకిల్ తయారుచేశారు. తోసి వదిలితే అదీ పడకుండా ముందుకెళ్లింది! అసలు రహస్యం ఏమిటంటే... బండి ఏ వైపు ఒరిగితే ముందు చక్రం ఆ వైపు తిరగాలి. అప్పుడు చక్రాలు మళ్లీ బరువు కిందికి వచ్చి చేరతాయి. అరచేతిలో చీపురుపుల్లను నిలబెట్టి, అది ఎటు వాలితే అటు చెయ్యి జరుపుతాం చూడండి... అచ్చం అలాగే.

వేగంగా పోతున్నప్పుడు ఈ పని చాలావరకు బండే చేసుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ చేతులెత్తేస్తుంది. అప్పట్నుంచీ చీపురుపుల్లను నిలబెట్టాల్సింది నడిపేవారే. అందుకే మోటార్ సైకిల్ లైసెన్సు కోసం వెళ్తే ‘ఎంత వేగంగా నడుపుతావ్’ అని అడగరు. ‘ఎనిమిది’ అంకె వేయమంటారు. కాలు కింద పెడితే ‘మళ్లీ రా బాబూ’ అంటారు. బ్రోకరు చెప్పాడని ఆ ఒక్కరోజు కోసం ఎనిమిది నేర్చుకుని, లైసెన్సు చేతికి రాగానే మర్చిపోతాం. నిజానికి ఆ అంకెలోనే ఉంది రోజువారీ ట్రాఫిక్ అంతా.

విజిటింగ్ కార్డంత చోటు

బండి బరువు, మనిషి బరువు, వెనక కూర్చున్నవారి బరువు... ఇదంతా రోడ్డును తాకేది ఎంతమేరో తెలుసా? ఓ చిన్న లెక్క వేద్దాం. ముందు టైరులో గాలి 25 పీఎస్ఐ అనుకుందాం. అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.75 కిలోల ఒత్తిడి. ఆ టైరు మోసే బరువు 80 కిలోలు. రెంటినీ భాగిస్తే వచ్చేది దాదాపు 46 చదరపు సెంటీమీటర్లు. జేబులోని విజిటింగ్ కార్డంత! ముందు ఒకటి, వెనక ఒకటి. ఈ రెండు కార్డులే ప్రాణానికి పూచీ.

ఈ కార్డు ఇచ్చే పట్టు నెల జీతం లాంటిది. వచ్చేది ఇంతే. బ్రేకు వేసినా అందులోంచే ఖర్చు, బండి తిప్పినా అందులోంచే ఖర్చు. ఒకదానికే మొత్తం పెట్టేస్తే రెండోదానికి మిగలదు. మలుపులో బండి ఒరిగి ఉన్నప్పుడు బ్రేకు గట్టిగా పట్టారనుకోండి... జీతం ఒకటే, అప్పులవాళ్లు ఇద్దరు! టైరు చేతులెత్తేస్తుంది. బండి జారుతుంది.

వేగంతో ఈ ఖర్చు ఎలా పెరుగుతుందో చూస్తే ఆశ్చర్యమేస్తుంది. మూడు మీటర్ల వ్యాసార్ధంతో ఇరుకుగా యూటర్న్ తీసుకుంటున్నాం. గంటకు పది కిలోమీటర్ల వేగమైతే టైర్ల మీద పడే బరువులో సుమారు 26 శాతం మేర పక్కపట్టు కావాలి. అదే పదిహేను కిలోమీటర్లైతే? 59 శాతం! వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. కావాల్సిన పట్టు మాత్రం రెండుంపావు రెట్లయింది. ఎండిన మంచి తారురోడ్డు 70-80 శాతం దాకా ఇవ్వగలదు కాబట్టి గట్టెక్కుతాం. అదే రోడ్డు తడిస్తే? మలుపులో ఇసుక పరుచుకుని ఉంటే? పదిలో నిలబడిన బండి పదిహేనులో పడిపోతుంది. ‘రోజూ తిరిగే మలుపే, ఇవాళెందుకు జారిందో’ అనుకోవడం అందుకే.

ఏ బ్రేకు... ఎప్పుడు?

‘ముందు బ్రేకు వేస్తే ఎగిరి పడతావ్’ అని బండి నేర్పినవారు భయపెడతారు. దాంతో చాలామంది దాన్ని ముట్టుకోరు. తిన్నగా పోతున్నప్పుడు ఇది తప్పు. బ్రేకు పడగానే బరువంతా ముందుకు వాలుతుంది. ముందు టైరుకి పట్టు పెరుగుతుంది, వెనక టైరుకి తగ్గుతుంది. కాబట్టి తిన్నగా వెళ్తూ త్వరగా ఆగాలంటే ముందు బ్రేకే ఎక్కువ పనిచేస్తుంది. రెండూ కలిపి, ఠక్కున కాకుండా నిమ్మకాయ పిండినట్టు క్రమంగా నొక్కాలి.

నెమ్మదిగా, హ్యాండిల్ బాగా తిప్పి ఉన్నప్పుడు లెక్క తిరగబడుతుంది. ఒరిగిన బండిని పడనీయకుండా ఆపేది అది తిరుగుతున్న కదలికే. ముందు బ్రేకుతో ఆ కదలిక ఒక్కసారిగా ఆగితే ఒరుగుడు మాత్రమే మిగులుతుంది. నూట యాభై కిలోల బండి పక్కకు వాలడం మొదలుపెడితే ఒంటికాలితో ఆపడం ఎవరి తరం? అందుకే ఇలాంటిచోట వెనక బ్రేకే నేస్తం.

2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంతకు లోపు వాటికి రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. అంతేగానీ రోడ్డు మీద లేని పట్టును తెచ్చివ్వదు. నడక వేగంలో అది రంగంలోకే దిగదు. అక్కడ ఆదుకునేది చేతివాటమే.

క్లచ్చే కళ్లెం

జపాన్‌లో మోటార్ సైకిల్ లైసెన్సు కావాలంటే ఓ వంతెన దాటాలి. పేరుకే వంతెన. పొడవు 15 మీటర్లు, వెడల్పు 30 సెంటీమీటర్లు, ఎత్తు 5 సెంటీమీటర్లు. దాటడం గొప్ప కాదు, ఆలస్యంగా దాటాలి! మామూలు మోటార్ సైకిల్‌కు కనీసం 7 సెకన్లు, పెద్ద బండ్లకు కనీసం 10 సెకన్లు పట్టాలి. మన బళ్లో స్లో సైకిల్ రేసే... అక్కడ ప్రభుత్వ పరీక్ష!

అది దాటేవారి కిటుకులు మూడే. మొదటిది ‘హాఫ్ క్లచ్’. ఫస్ట్ గేరులో క్లచ్ సగం వదిలి, ఇంజిన్ బలం చక్రానికి కొద్దికొద్దిగా అందేచోట పట్టి ఉంచాలి. ఎక్సలేటర్ కదలకుండా కాస్త ఇచ్చి, వెనక బ్రేకు మీద పాదం తేలిగ్గా ఆన్చాలి. ఇంజిన్ ముందుకు లాగుతుంటే బ్రేకు వెనక్కి పట్టి ఉంచుతుంది. బిగించి కట్టిన దండెంలా బండి ఊగకుండా ఉంటుంది. ‘హాఫ్ క్లచ్‌లో నడిపితే ప్లేట్లు పోతాయి’ అని మెకానిక్ అన్నమాటా నిజమే... రోజంతా ట్రాఫిక్‌లో అలాగే నడిపితే. చాలా మోటార్ సైకిళ్ల క్లచ్ ఇంజిన్ ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి మలుపులో నాలుగు సెకన్లకు ఏమీ కాదు. స్కూటర్‌కు క్లచ్ లేదు కదా అంటారా? అక్కడ ఎక్సలేటర్ కొంచెం ఇచ్చి, ఎడమచేతి బ్రేకు తేలిగ్గా పట్టి ఉంచితే అదే ఫలితం.

రెండోది చూపు. ముందు చక్రం వంక చూస్తే అక్కడే పడతాం. యూటర్న్‌లో తల బాగా తిప్పి, వెళ్లి చేరాల్సిన చోటు చూడాలి. మూడోది కాళ్లు. అవి ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి. దించి ఈడ్చుకెళ్తే బ్రేకు అందదు, బండి మాట వినదు. ఇరుకు మలుపులో బండిని లోపలికి వంచి, ఒంటిని కాస్త బయటివైపు ఉంచితే చక్కగా తిరుగుతుంది.

వెనక బరువుంటే ఇంకా జాగ్రత్త. ఒకే పక్కకు కూర్చున్న మనిషి, ముందు పెట్టుకున్న బియ్యం బస్తా, చెరోపక్క వేలాడే ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు... ఇవన్నీ బండి తూకాన్ని మార్చేస్తాయి. ఒంటరిగా తిరిగిన మలుపే కదా అనుకోకూడదు. మలుపు పెద్దది చేసుకోవాలి, వేగం తగ్గించుకోవాలి.

జారుడుబండలు

వేసవంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, బండ్లు కార్చిన ఆయిలు తొలకరి చినుకులకు కలిసి జిగటగా మారతాయి. కుండపోత వానకన్నా ఆ మొదటి పది నిమిషాల జల్లే మోసం చేస్తుంది. తడిసిన జీబ్రా గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, తవ్వినచోట పరిచే ఇనప రేకులు గాజులా జారతాయి. దసరా మర్నాడు కూడళ్లలో పగలగొట్టిన గుమ్మడికాయలు, కోతలప్పుడు పల్లెదారుల్లో ఆరబోసిన ధాన్యం, మొక్కజొన్న... ఇవీ అంతే. తప్పించుకోవడం కుదరకపోతే ఒక్కటే మంత్రం. వాటిమీదకు వెళ్లకముందే వేగం తగ్గించాలి. వెళ్లాక బ్రేకు ముట్టుకోకుండా, హ్యాండిల్ తిప్పకుండా, బండిని నిటారుగా ఉంచి దాటేయాలి.

టైరు సంగతీ చూడాలి. గాలి తగ్గితే హ్యాండిల్ బరువెక్కుతుంది, మలుపుల్లో బండి ఊగుతుంది. మరీ ఎక్కువైతే రోడ్డును తాకే ఆ కార్డు ఇంకా చిన్నదవుతుంది. ఎంత ఉండాలో బండి మీద స్టిక్కర్లోనో, కంపెనీ ఇచ్చిన పుస్తకంలోనో ఉంటుంది. వారానికోసారి, టైరు చల్లగా ఉన్నప్పుడు చూపించుకోవాలి. టైరు పక్కన ‘టీడబ్ల్యూఐ’ అన్న అక్షరాలకు ఎదురుగా గాళ్లలో చిన్న రబ్బరు దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి దానికి సమానమైందంటే మార్చాల్సిందే. కొత్త టైరు కదా అని రెచ్చిపోవడమూ తగదు. పైన నున్నటి పొర పోయేదాకా మొదటి వంద కిలోమీటర్లు మెత్తగా నడపాలి.

ఈ ఆదివారమే...

దీనికి శిక్షణ కేంద్రాలూ, ఖరీదైన బండ్లూ అక్కర్లేదు. ఊళ్లో హైస్కూలు మైదానమో, సెలవురోజు ఖాళీగా ఉండే మార్కెట్‌యార్డో చాలు. హెల్మెట్, బూట్లు, మోచేతులు కప్పే చొక్కా వేసుకోవాలి. పదిహేను అడుగుల దూరంలో రెండు ఇటుకలు పెట్టి వాటి చుట్టూ ఎనిమిది వేయాలి. అలవాటయ్యేకొద్దీ ఇటుకల్ని దగ్గరికి జరపాలి. తర్వాత సుద్దతో పదిహేను మీటర్ల గీత గీసి దాని మీదే నడపాలి. ఎవరైనా వాచీ పట్టుకుని లెక్కపెడితే మరీ మంచిది. మొదటిరోజు నాలుగు సెకన్లలో దాటేస్తారు. నాలుగు వారాలు పోతే ఏడు దాటినా ఆశ్చర్యం లేదు.

ఇంట్లో కొత్తగా బండి పట్టిన కొడుకో, కూతురో ఉన్నారా? ‘నెమ్మదిగా వెళ్లమ్మా’ అని గుమ్మంలోంచి చెప్పడం సరే. నెమ్మదిగా వెళ్లడం ఎలాగో కూడా నేర్పించండి. నాన్న, పిల్లలు కలిసి ఓ పందెం వేసుకోండి. చివరగా వచ్చినవారిదే ప్రైజు!