పొద్దున లెక్కపెడితే నియాన్లు తగ్గాయి

కొనుక్కొచ్చిన రోజున ఏంజెల్ చేప రూపాయి బిళ్లంత ఉంటుంది. నియాన్ టెట్రాల గుంపుతో ఒకే తొట్టిలో బుద్ధిగా తిరుగుతుంది. నెలలు గడిచి అది అరచేతి సైజుకు వచ్చాక, ఒకరోజు పొద్దున్నే పిల్లలు లెక్కపెడితే పది నియాన్లకు ఆరే కనిపిస్తాయి. ఇంట్లో బెంగ మొదలవుతుంది. దుకాణదారు మనకు రాక్షసిని అంటగట్టాడనిపిస్తుంది. నిజానికి అది తన నైజం ప్రకారమే బతికింది.

ఏంజెల్ చేపలు సిక్లిడ్ కుటుంబానికి చెందినవి, అంటే మన చెరువుల్లో పెరిగే తిలాపియాకు దూరపు చుట్టాలు. వాటి పుట్టిల్లు అమెజాన్ పరీవాహకంలో నెమ్మదిగా పారే నీళ్లు. అక్కడ మునిగిన వేళ్లు, నిలువుగా ఎదిగిన మొక్కలు దట్టంగా ఉంటాయి. ఆ సందుల్లో దూరడానికి వీలుగా ఒళ్లు పలకలా పలచబడింది. నిలువు చారలు వేళ్ల నీడల్లో కలిసిపోతాయి. 1840లో హెకెల్ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పెట్టిన 'టెరోఫిల్లం' అనే పేరుకు గ్రీకులో రెక్కల ఆకు అని అర్థం. ఆ చారల వేషం పెద్ద చేపల కంట పడకుండా కాపాడుతుంది, చిన్న చేపల మీద మాటు వేయడానికీ పనికొస్తుంది. నోట్లో పట్టేదేదైనా దానికి ఆహారమే.

అలాగని ఏంజెల్ ఒంటరి వేటగత్తె కాదు. దానికి తోడు కావాలి. స్పెయిన్‌లోని ఒవియేదో విశ్వవిద్యాలయానికి చెందిన గోమెస్ లాప్లాజా, కెనడా శాస్త్రవేత్త రాబర్ట్ గెర్లాయ్‌తో కలిసి 2011లో ప్రచురించిన ప్రయోగం నాకు చాలా ఇష్టం. కొత్త తొట్టిలో వదిలిన ఏంజెల్‌కు ఒకవైపు చిన్న గుంపును, మరోవైపు పెద్ద గుంపును చూపించారు. అది పెద్ద గుంపు దగ్గరే ఎక్కువసేపు గడిపింది. అయితే పెద్ద గుంపు చిన్నదానికి దాదాపు 1.8 రెట్లు ఉంటేనే ఆ తేడా పట్టగలిగింది. బెదురుగా ఉన్న చేపకు నలుగురిలో ఉంటేనే ధైర్యం అన్నమాట.

కానీ ఆ నలుగురి మధ్యా పెద్దరికం తేలాలి. తరమడాలు, మూతులు కరిచి పట్టుకుని తోసుకోవడాలు అందుకే. మూడు చేపలే ఉంటే బలహీనమైనదాని మీదే దెబ్బలన్నీ పడతాయి. రెక్కలు చిరిగి, మూల నక్కి, తిండి మానేస్తుంది. అందుకే ఒకే ఈడు పిల్లల్ని ఆరింటిని ఒకేసారి తేవాలంటాను. కోపం అందరి మీదికీ సర్దుకుంటుంది. ఆరు పెరగాలంటే 200 లీటర్ల పైబడిన తొట్టి కావాలి. పొడవుతో పాటు ఎత్తూ చూడండి, కనీసం 45 సెంటీమీటర్లు. రెక్కలతో కలిపి ఈ చేప 20 సెంటీమీటర్ల ఎత్తు పెరగగలదు. నీళ్లు 26 నుంచి 28 డిగ్రీల దగ్గర ఉంటే హాయి. వేసవిలో మనకు చింత లేదు గానీ, ఆదిలాబాద్ చలికాలంలో హీటర్ తప్పనిసరి.

ఇరుగుపొరుగుగా అడుగున తిరిగే కోరిడోరాస్‌లు చక్కగా ఇముడుతాయి. టైగర్ బార్బ్‌లను మాత్రం తేవద్దు, వేలాడే రెక్కలు కనిపిస్తే కొరక్కుండా ఉండలేవు.

గుంపులో రెండు జతకట్టాయంటే తొట్టిలో సగం వాటిదే. నిలువాకు మీదో ఫిల్టర్ గొట్టం మీదో వందల గుడ్లు అంటించి, రెక్కలతో విసురుతూ, బూజు పట్టినవాటిని ఏరేస్తూ కాపలా కాస్తాయి. రెండుమూడు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. మొదటి ఈతలో తామే గుడ్లు తినేయడం మామూలే, కంగారుపడి విడదీయకండి. మిగతా చేపలకు నిలువ నీడ లేకపోతే మాత్రం ఆ జంటకు వేరే తొట్టి చూడాలి.

పాత గుంపులోకి కొత్త చేపను దించాలంటే ముందు రాళ్లు, కొయ్యదుంగలు, మొక్కలు అటూ ఇటూ మార్చేయండి. ఎవరి హద్దు ఎక్కడో పాతవాటికీ తెలియదు. అప్పుడు కొత్త చేపను వదిలి, ఆ రాత్రికి దీపం ఆర్పేయండి.