పులి-మేక ఆటలో న్యాయం

గుంటూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఇంటి అరుగుమీదనో, రచ్చబండమీదనో సుద్దతో పటం గీసి ఆడుకొనే ఆటలలో పులి-మేక ఒకటి. దీనికి ఖరీదైన సామగ్రి అక్కరలేదు. మూడు గులకరాళ్లు పులులు, పదిహేను చింతగింజలు మేకలు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చొంటే ఆట మొదలవుతుంది.

ఈ మైదానాలకు పడమటి దిక్కున నల్లమల అడవులున్నవి. అక్కడ నిజమైన పులులు తిరుగుతూనే ఉన్నవి. మేకలన్నీ కూడి పులిని కదలకుండా కట్టివేయడం ఆ అడవిలో ఎవరూ చూచి ఉండరు. కాని అరుగుమీది ఆటలో ఇది నిత్యమూ జరుగుతుంది. ప్రకృతికి ఇంత విరుద్ధమైన నియమాలతో ఆట న్యాయంగా ఎట్లా నడుస్తున్నది? ఈ ప్రశ్నకు జవాబు కొంతవరకు చిన్న లెక్కలలోనే దొరుకుతుంది.

పటము, నియమాలు

పటంలో శిఖరం నుంచి నాలుగు గీతలు విచ్చుకొంటూ అడుగుగీత దాకా దిగుతాయి. నడుమ మూడు అడ్డగీతలు వీటిని ఖండించి, రెండు వైపులా కొంత బయటికి సాగుతాయి. బయటికి వచ్చిన కొసలను ఎడమన ఒక నిలువుగీత, కుడిన ఒక నిలువుగీత కలుపుతాయి. గీతలు కలిసే చోట్లు శిఖరాన 1, మూడు అడ్డగీతలమీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. వెరసి 23 స్థానాలు.

ఊరూరికీ చిన్న తేడాలున్నా ముఖ్యమైన నియమాలు ఇవి. మేకలను వంతుకు ఒకటి చొప్పున పటంమీద పెట్టాలి. పదిహేనూ దిగేదాకా పెట్టిన మేక కదలరాదు. పులి తన వంతులో గీతవెంట ఒక స్థానం జరగవచ్చు. లేదా పక్కనున్న మేకమీదుగా, అదే వరుసలో ఆవలి స్థానం ఖాళీగా ఉంటే, దూకి ఆ మేకను చంపవచ్చు. మేకకు దూకే హక్కు లేదు. మూడు పులులకూ కదలిక లేకుండా చేస్తే మేకలు గెలుస్తాయి. పులులను కట్టడానికి చాలనంతగా మేకలు తగ్గిపోతే పులులు గెలుస్తాయి.

అసహజ నియమం చేసే పని

ఈ నియమాలలో అన్నిటికంటె అసహజమైనది, ఆవలి స్థానం ఖాళీగా ఉంటేనే పులి మేకను చంపగలదన్నది. నిజమైన పులికి అట్టి నిర్బంధమేమీ లేదు. ఆ నియమాన్ని తీసివేసి, పక్కనున్న ఏ మేకనైనా పులి చంపవచ్చునంటే ఆట సహజంగానే ఉంటుంది. కాని అది ఆట కాదు. పులిని చుట్టుముట్టవలెనంటే దాని పక్కకు పోక తప్పదు. పోయిన ప్రతి మేకా చస్తుంది. మేకల వైపు కూర్చొన్నవాడు ఎంత తెలివిగా ఆలోచించినా ఫలితం మారదు.

ఆ నియమం ఉన్నందువల్ల ఒక మేక వెనుక మరొక మేక నిలిస్తే రెండూ ఆ వైపు నుంచి క్షేమం. బలహీనులకు కూటమివల్ల బలం వస్తుందన్న భావం ఆటలోకి ఈ దారినే వచ్చింది. ఇది పూర్తిగా కల్పన కూడా కాదు. ఉత్తర ధ్రువ ప్రాంతాలలోని కస్తూరి ఎద్దులు తోడేళ్లు వచ్చినప్పుడు దూడలను వెనుక ఉంచుకొని, కొమ్ములు బయటికి చూపుతూ గుంపుకట్టి నిలుస్తాయి.

ఒక పులిని కట్టడానికి ఎన్ని స్థానాలు నిండవలెనో లెక్కించి చూడవచ్చు. శిఖరాన ఉన్న పులికి నాలుగు దారులు. ప్రతి దారిలోను పక్క స్థానమూ, దూకి దిగే ఆవలి స్థానమూ, రెండూ నిండాలి. కనుక 8 మేకలు కావాలి. అడుగుగీత మూలలో ఉన్న పులికి పైకి ఒకటి, పక్కకు ఒకటి, రెండే దారులు. కనుక 4 మేకలు చాలు. మరొక పులి అడ్డమైతే ఇంకా తక్కువతో సరిపోతుంది, ఏమంటే పులి పులిమీదుగా దూకదు. ఆట తెలిసిన పెద్దలు "పులిని మూలకు తోలు" అని పిల్లలకు చెప్పడంలోని గణితరహస్యం ఇదే.

మేకల సంఖ్యనూ ఇట్లే పరీక్షించవచ్చు. 15 మేకలు, 3 పులులు దిగిన తరువాత 5 స్థానాలు ఖాళీ. మేకలు 20 అయితే ఒక్క స్థానమూ మిగలదు. ఒక్క మేకా చావకుండా అన్నీ దిగితే పులులు కట్టుబడినట్లే. మేకలు మరీ తక్కువైతే పులులను కట్టడం అసాధ్యం. ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఉన్నది ఆటలోని సమతౌల్యం. సమతౌల్యమంటే ఇరుపక్షాల బలాలు ఒకటిగా ఉండడం కాదు. సమానమైన నేర్పున్న ఇద్దరికి గెలిచే అవకాశం ఇంచుమించు సమానంగా ఉండడమే సమతౌల్యం.

నేపాలులో ఆడే బాఘ్‌చాల్ దీనికి దగ్గరి చుట్టం. అందులో 25 స్థానాలు, 4 పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్‌గెల్ట్ అనే పరిశోధకులు ఆ ఆటను కంప్యూటరుతో శోధించారు. ఇరువైపులా ఒక్క తప్పు కూడా లేకుండా ఆడితే అది ఎవరి గెలుపూ లేకుండా ముగుస్తుందని తేల్చారు. పులికీ మేకకూ మధ్య తూకం అంత చక్కగా కుదిరింది.

కథలాడే ఆటలు

ఈ సమస్యే పాశ్చాత్య దేశాలలో మరొక రూపంలో వచ్చింది. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అనే ఆటను ప్రచురించారు. బల్లచుట్టూ కూర్చొన్న ఒక్కొక్కరు ఒక వీరుడిగానో, మాంత్రికుడిగానో పాత్ర వహిస్తారు. ఒకరు కథ నడుపుతూ తీర్పరిగా ఉంటారు. కత్తి తగిలిందా లేదా అన్నది 20 ముఖాల పాచిక చెబుతుంది.

ఈ ఆట నియమాలలో పడిపోవడానికి ఒక లెక్క ఉన్నది. ప్రతి 10 అడుగుల పతనానికి ఒక ఆరుముఖాల పాచిక వేసి, వచ్చిన సంఖ్యను పాత్ర ప్రాణబలం నుంచి తీసివేయాలి. పాచికలు 20కి మించరాదు. 20 పాచికల మొత్తం సగటున 70, ఎంత హెచ్చినా 120. కనుక 130 ప్రాణబలమున్న వీరుడు కొండశిఖరం నుంచి పడినా లేచి నడుస్తాడు. భౌతికశాస్త్రం ఇందుకు ఒప్పుకోదు. 200 అడుగుల నుంచి పడిన మనిషి, గాలి నిరోధాన్ని విడిచి లెక్కిస్తే, గంటకు సుమారు 125 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతాడు. అయినా నెలల తరబడి పెంచుకొన్న పాత్ర ఒక్క జారుపాటుతో అంతం కాకుండా ఈ అసహజ నియమం కాపాడుతున్నది.

అట్లని అసహజమైన నియమమల్లా మంచిదని కాదు. పాచికలో 20 పడితే దెబ్బ తప్పక తగులుతుందన్న నియమం చూడడానికి ఇరువర్గాలకూ సమానమే. ఒక్క వేటులో దాని సంభావ్యత నూటికి 5. కాని 20 వేట్లలో ఒక్కసారైనా 20 పడే సంభావ్యత నూటికి సుమారు 64. ఒక రాక్షసుడు ఒక్క పోరులో కనబడి పోతాడు. వీరుడు మాత్రం ప్రతి పోరులోను వేట్లు కాయాలి. కనుక సమానంగా కనిపించే నియమం భారం చివరకు వీరుడిమీదనే ఎక్కువగా పడుతుంది. ఇటువంటి లోపం నియమాన్ని చదివితే తెలియదు; లెక్కిస్తే తెలుస్తుంది.

తరగతిలో పరీక్ష

భౌతికశాస్త్ర పాఠంలో "ఘర్షణ లేని తలం" అంటారు. అట్టి తలం లోకంలో లేదు. పులి-మేక నియమమూ అటువంటి కల్పనే. అయితే ఒక భేదమున్నది. శాస్త్రంలోని కల్పన సరైనదా కాదా అని ప్రకృతిని అడగాలి. ఆటలోని కల్పనను ఆడి చూచి నిర్ణయించాలి.

ఈ భేదాన్ని విద్యార్థులు స్వయంగా గ్రహించేందుకు ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగం చేయించవచ్చు. తరగతిని జంటలుగా విభజించి, కొందరికి 12, కొందరికి 15, కొందరికి 18 మేకలు ఇవ్వాలి. ఎన్ని మేకలు చస్తే పులుల గెలుపో ముందే నిర్ణయించి, మూడు జట్లకూ అదే వర్తింపజేయాలి. ప్రతి జంటా పక్షాలు మార్చుకొంటూ సమానంగా ఆడాలి. లేకుంటే ఆటగాడి నేర్పు నియమం గుణంగా కనబడుతుంది. గెలుపోటములను పట్టికలో రాయాలి. కొద్ది ఆటలతో తీర్పు చెప్పరాదు. తరగతి అంతటి ఫలితాలనూ కూడిన తరువాతనే పోల్చాలి.

ఎప్పుడూ ఒకే పక్షం ఓడుతున్నట్లు పట్టిక చూపితే, ఓడిన పిల్లవాడిని మందమతి అనే ముందు నియమాన్ని పరీక్షించవలసి ఉంటుంది.