బేతాళుడు మన మొదటి గేమ్ డిజైనరా? తార్నాక రూమ్‌లో నాలుగు గవ్వలతో ఆడిన ఆట

ఈరోజు ఫోన్ పక్కన పెట్టి ఆడే గేమ్ గురించి మాట్లాడుకుందాం. మీరు ఇది ఫోన్‌లోనే చూస్తున్నారని నాకు తెలుసు, ఏం పర్లేదు.

డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరు చాలామంది వినే ఉంటారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట. దీనికి స్క్రీన్ ఉండదు, బోర్డు కూడా తప్పనిసరి కాదు. ఒకడు కథ చెప్తాడు, మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. "మీ ముందు పాడుబడ్డ కోట ఉంది, ఏం చేస్తారు?" అని వాడు అడుగుతాడు. "గోడ ఎక్కుతా" అని మీరంటారు. ఎక్కగలరా లేదా అనేది పాచిక చెప్తుంది. అంతే. మనం ఆడే రోల్ ప్లేయింగ్ వీడియో గేముల్లో లెవెల్స్, హెల్త్, క్లాసులు ఎక్కువగా ఇక్కడి నుంచే వచ్చాయి.

నేనుండేది ముషీరాబాద్‌లో. ఆఫీస్ పని అయ్యాక శనివారం సాయంత్రం విద్యానగర్ మీదుగా, ఎన్‌సీసీ గేట్ లోపల్నుంచి, ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి తార్నాక పోతా. అక్కడ ఫ్రెండ్స్ రూమ్. అందరం కలిపి ఐదుగురం. రూల్స్ పీడీఎఫ్ చదివి, యూట్యూబ్‌లో అమెరికా వాళ్ళు ఆడే వీడియోలు గంటలు గంటలు చూసి, నేనే కథ చెప్పడం మొదలుపెట్టా. ఇంగ్లీషులో! వీడియోల్లో అట్లనే ఉంటుంది కదా మరి. టావెర్న్ అన్నా, గోబ్లిన్ అన్నా, నాకు నేనే బ్రిటిష్ యాసలో మాట్లాడుకున్నా. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఐదుగురిలో ఒకడు ఓయూలో ఎంఏ తెలుగు చేసి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నాడు. వాడిది నల్గొండ వైపు ఊరు. మూడు వారాలు వాడు నోరు తెరవలేదు. వంతు వస్తే "ఐ అటాక్" అనేవాడు, పాచిక వేసేవాడు, మళ్ళీ ఛాయ్ కప్పు చూసుకుంటూ కూర్చునేవాడు. నాలుగో వారం "మీరు ఆడుకోండ్రా, నాకు చదువుకునేది ఉంది" అన్నాడు. నాకు ఆట అర్థం కావట్లేదేమో అనుకుని రూల్స్ మళ్ళీ ఎక్కించబోయా.

"నాకు ఆట సమజ్ కాక కాదురా. మాంత్రికుడు ఇంగ్లీషుల మాట్లాడుతుంటే నాకు ఇంటర్వ్యూకి కూసున్నట్టున్నది" అన్నాడు.

నాకు గట్టిగా తగిలింది. ఎందుకంటే ఆ రూమ్‌లో అందరికంటే ఎక్కువ కథలు తెలిసినోడు వాడే. చందమామ పాత సంచికల స్కాన్‌లు వాడి ఫోన్ నిండా ఉంటాయి. దాసరి సుబ్రహ్మణ్యం పేరు నేను వాడి దగ్గరే మొదటిసారి విన్నా. 1954లో 'తోకచుక్క'తో మొదలుపెట్టి 'కంచుకోట', 'రాకాసిలోయ', 'శిథిలాలయం' అని వరసగా సీరియల్స్ రాశాడాయన. చాలాకాలం ఆయన పేరు కూడా వేయలేదు వాటికి. కంచుకోట, రాకాసిలోయ... ఒక్కసారి పేర్లు వినండి, గేమ్‌లో మ్యాప్ పేర్లలా లేవూ? నేనేమో వాడికి గోబ్లిన్ అంటే ఏంటో వివరిస్తున్నా.

సరే, తెలుగులో ఆడదామన్నాం. మొదటి తలనొప్పి మాటలు. డంజన్ మాస్టర్ అంటే "చెరసాల యజమాని" అన్నాడొకడు, జైలు సూపరింటెండెంట్ లెక్క ఉందని పది నిమిషాలు నవ్వుకున్నాం. ఇన్వెంటరీకి "మూట" అని పెట్టుకున్నాం. హిట్ పాయింట్స్ "ఆయువు". విషం తాగినా, శాపం తగిలినా తప్పించుకోడానికి వేసే సేవింగ్ త్రో ఉంటుంది చూడండి, దానికి మావాడు టక్కున "గండం" అన్నాడు. గండం గడిచిందా, గడవలేదా! ఇంగ్లీషు మాట కంటే ఇదే బాగుంది అనిపించింది నాకు. లెవెల్‌ని మాత్రం లెవెల్‌గానే వదిలేశాం. అది ఎప్పుడో తెలుగైపోయింది.

ఈ పని మా ఏరియాకి కొత్తేం కాదు. ఉస్మానియా 1918లో మొదలైనప్పుడు చదువంతా ఉర్దూలోనే. సైన్సు, లా, చరిత్ర పుస్తకాలన్నీ ఉర్దూలోకి తేవడానికి దారుల్ తర్జుమా అని ప్రత్యేకంగా ఒక అనువాద విభాగమే పెట్టారు. పాత మాట దొరక్కపోతే కొత్తది తయారుచేసేవాళ్ళు. వాళ్ళు కెమిస్ట్రీకి చేసింది మేం రాక్షసులకి చేస్తున్నాం. స్థాయి వేరు, ఒప్పుకుంటా.

ఇక పాచికలు. ఆ ఆటకి ఇరవై ముఖాల పాచిక కావాలి. మాది కరెక్ట్‌గా అప్పుడే మంచం కింద ఎక్కడికో పోయింది. మావాడు వాళ్ళ నానమ్మ అష్టాచెమ్మా గవ్వలు నాలుగు తెచ్చాడు. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, స్కిప్ చేయకండి.

ఇరవై ముఖాల పాచికలో ప్రతి అంకెకీ 5 శాతం ఛాన్స్. 1 పడడానికి, 10 పడడానికి, 20 పడడానికి ఒకే అవకాశం. అంటే ఇరవైసార్లలో ఒకసారి మహావీరుడు కూడా కాలు జారి పడతాడు. గవ్వలు అట్ల కాదు. నాలుగు గవ్వలు 16 రకాలుగా పడొచ్చు. ఒకటే తెరుచుకునేవి 4, రెండు తెరుచుకునేవి 6, మూడు తెరుచుకునేవి 4. నాలుగూ తెరుచుకుంటే చెమ్మ, అన్నీ బోర్లా పడితే అష్ట, అంటే 8. ఈ రెండూ పదహారులో ఒక్కోసారే. మధ్యలో గుట్టలా లేచి, చివర్లలో సన్నబడే లెక్క అన్నమాట. గవ్వ రెండు వైపులా సమానంగా పడుతుందనుకునే ఈ లెక్క. నిజం గవ్వ ఒకవైపు కొంచెం మొగ్గుతుంది, మీ గవ్వల్ని వందసార్లు వేసి రాసుకోండి.

మేం పెట్టుకున్న రూల్ ఇది. మామూలు పనికి 2 లేదా పైన పడాలి, 75 శాతం. కష్టమైన పనికి 3 లేదా పైన, 37.5 శాతం. అసాధ్యం అనిపించేదానికి చెమ్మ గానీ అష్ట గానీ పడాలి, ఎనిమిదింట ఒక ఛాన్స్. అష్ట పడితే మాత్రం అద్భుతం, ఏం జరిగిందో వేసినవాడే చెప్పాలి. అష్టాచెమ్మాలో లాగే ఇంకో వేటు కూడా. మొదటిరోజే మావాడికి అష్ట పడింది. మూడు వారాలు మాట్లాడనివాడు ఆరోజు ఇరవై నిమిషాలు ఆపకుండా చెప్పాడు. నేను రికార్డ్ చేయలేదు, ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత కథ చెప్పే కుర్చీ వాడిదే. ఆ కుర్చీకి పేరు కూడా వాడే పెట్టాడు, మణిసిద్ధుడు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీమజిలీ కథల్లో మనిషి. కాశీకి నడిచిపోతూ తోడుకి ఒక పశువుల కాపరి కుర్రాడిని తీసుకెళ్తాడు. కుర్రాడి షరతు ఏంటంటే, దారిలో తనకి వింతగా కనిపించినదాని గురించి మజిలీలో కథ చెప్పాలి. గమనించారా? టాపిక్ ఎంచుకునేది చెప్పేవాడు కాదు, వినేవాడు! ఆటగాడు ఏ తలుపు తడితే ఆ తలుపు వెనక కథ పుట్టాలి. గేమ్ కంపెనీలు ఇప్పుడు కూడా దీనికోసమే కుస్తీ పడుతున్నాయి. మన 'పాతాళ భైరవి' సినిమా, 1951, తోటరాముడు, నేపాళ మాంత్రికుడు, దానికి కూడా మూలం ఆ మజిలీల్లోనే ఉంది.

కానీ నన్ను పట్టేసింది బేతాళుడు. చందమామలో అందరూ చదివారు, రూల్‌గా ఎప్పుడైనా చూశారా? జవాబు తెలిసీ చెప్పకపోతే విక్రమార్కుడి తల పగులుతుంది. చెప్తే మౌనం పోయి శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. అంటే కరెక్ట్ ఆన్సర్ ఇస్తేనే రీస్టార్ట్! పనిష్మెంట్ గెలిచినవాడికి. ఇట్లాంటి లూప్ రాసినోడికి నేను దండం పెడతా. పదకొండో శతాబ్దంలో సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఈ కథలున్నాయి. అక్కడ లూప్‌కి ఎండింగ్ ఉంది. చివరి ప్రశ్నకి రాజుకి నిజంగానే జవాబు తెలీదు, ఊరుకుంటాడు. ఆ మౌనంతో బేతాళుడు మెచ్చి, భిక్షువు చేస్తున్న మోసం చెప్పేస్తాడు. చందమామ వాళ్ళు మాత్రం పాతిక అయిపోయాక కూడా కొత్త కథలు కట్టి దశాబ్దాలు నడిపారు. ఈ రోజు భాషలో లైవ్ సర్వీస్ గేమ్ అన్నమాట.

పోయిన నెల మావాడు రూమ్ ఖాళీ చేశాడు. రెండుసార్లు పరీక్ష పోయింది, ఇంటి దగ్గరే ఉండి చదువుకుంటానన్నాడు. ఆఖరి శనివారం మా నలుగురినీ శ్మశానంలోకి తీసుకెళ్ళి, చెట్టు మీద శవాన్ని దింపించాడు. ఒక గంట కథ చెప్పి నావైపు తిరిగి ప్రశ్న అడిగాడు. రూల్ నాకు తెలుసు. ఊరుకుంటే కథ అక్కడితో అయిపోతుంది, అందరం ఇళ్ళకి పోవచ్చు. వాడికీ తెలుసు, కావాలనే ఈజీ ప్రశ్న అడిగాడు.

జవాబు చెప్పేశా.

శవం చెట్టెక్కింది. గవ్వలు వాడు ఊరికి పట్టుకుపోయాడు. ఇప్పుడు శనివారాలు వీడియో కాల్‌లో, వాళ్ళింటి అరుగు మీద కెమెరా కిందికి పెట్టి మా అందరి వంతూ వాడే వేస్తున్నాడు. నాకు మాత్రం వరసగా ఒకటే పడుతోంది. ఏదో చేస్తున్నాడని నా అనుమానం.